మరలు దిగే చోటు లేనప్పుడు ఫ్యాన్ ఎలా కట్టాలి

నాయనా,

గ్రాఫిక్స్ కార్డు కాగిపోతోందని, ఇంకో ఫ్యాన్ పెడదామంటే కంప్యూటర్ కేసులో మర బిగించే చోటే లేదని రాశావు. మర లేకపోయినా ఫ్యాన్ గట్టిగా నిలుస్తుంది, దిగులుపడకు. కానీ దేనితో కట్టాలన్నది తర్వాతి మాట. ముందు పక్క మూత తీసేసి అరగంట గేమ్ ఆడి, కార్డు వేడి ఎంతుందో చూడు. బాగా తగ్గిందంటే లోపలికి బయటి గాలి చాలడంలేదు, ఫ్యాన్ ముందువైపు ఉండాలి. తగ్గలేదంటే కార్డు హీట్‌సింక్‌లో, అంటే వేడి లాగే లోహపు రెక్కల్లో, దుమ్ము పేరుకుందేమో, చిప్పుకీ దానికీ మధ్య పూసిన పేస్టు ఎండిపోయిందేమో చూసుకో. అప్పుడు ఎన్ని ఫ్యాన్లు కట్టినా పెద్దగా ఒరిగేదేమీ లేదు.

కట్టడానికి నా ఓటు జిప్ టైలకే, అదే లాగితే బిగుసుకునే ప్లాస్టిక్ పట్టీలకే. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకేశాకే చెయ్యి పెట్టు. మామూలుగా ఫ్యాన్‌కి స్టిక్కరూ, దాన్ని పట్టుకున్న అడ్డపుల్లలూ ఉన్నవైపు నుంచే గాలి బయటికొస్తుంది. అది చూసుకుని ఫ్యాన్‌ని కేసుకి గాలి వచ్చే జాలీకి ఆనించు. 120 మి.మీ. ఫ్యాన్‌కి ఒక అంచున ఉన్న రెండు రంధ్రాల మధ్య 105 మి.మీ. ఎడం ఉంటుంది, జాలీలో ఎక్కడ పడుతుందో గుర్తు పెట్టుకో. ఒక్కో మూలలోంచి టై దూర్చి, జాలీ వెనకనుంచి తిప్పి తెచ్చి వదులుగా ఉంచు. నాలుగూ అయ్యాక ఎదురెదురు మూలలు కొద్దికొద్దిగా లాగు. ఒక మూలనే ముందు బిగించేస్తే ఫ్రేము వంకరపోయి రెక్కలు రాసుకుంటాయి. మూలల కింద చిన్న రబ్బరు ముక్కలు పెడితే వణుకు రేకుకి ఎక్కదు, రొద కూడా తగ్గుతుంది. మిగిలిన తోకల్ని మొదలంటా కత్తిరించు, మొన మిగిలితే చెయ్యి గీసుకుంటుంది.

డబుల్ సైడ్ టేపుని, గ్లూ గన్ జిగురుని నమ్మొద్దు. వేడికి మెత్తబడతాయి, తిరుగుతున్న ఫ్యాన్ ఊడి కార్డు మీద పడుతుంది.

కార్డు కిందే పెట్టాలనుకుంటే, కేసు వెనక కార్డు లేని ఖాళీ స్లాటు మూత మరకి అల్యూమినియం పట్టీ బిగించి, రెండో కొస హార్డ్ డిస్కు గూటికి కట్టి, దానిమీద ఫ్యాన్ నిలుపు. పట్టీ అంచులు ఆకురాయితో రుద్ది, ఇన్సులేషన్ టేపు చుట్టు. అది మదర్‌బోర్డుకి తగిలిందా, షార్టే. ఫ్యాన్‌కీ కార్డుకీ మధ్య ఎడం ఎక్కువుంటే గాలి పక్కలకి చెదిరిపోతుంది. చుట్టూ అట్టతో గోడ కట్టి చూడు, ఫలితం కనిపిస్తే అదే కొలతకి ప్లాస్టిక్ షీటు కోసుకో.

మదర్‌బోర్డు మీద ఒకే ఫ్యాన్ కనెక్టర్‌కి రెండు ఫ్యాన్లు తగిలించేముందు స్టిక్కర్ల మీది ఆంపియర్లు కూడు. చాలా బోర్డుల్లో ఒక్కో ఫ్యాన్ కనెక్టర్ 1 ఆంపియర్ దాకానే ఇస్తుంది, మీ బోర్డు పుస్తకంలో కూడా చూసుకో. వైర్లు రెక్కల దగ్గరికి రాకుండా కట్టెయ్యి. మూత వేశాక వేడి ఎంతకొచ్చిందో రాయి.

మీ పెదనాన్న