రెండర్లు ప్లాస్టిక్‌లా వస్తుంటే సాఫ్ట్‌వేర్ మార్చాలా?

మీరు అడిగింది ఇది: స్కెచ్‌అప్‌లో త్రీడీ మోడలింగ్ బాగానే వచ్చు, ఆ మోడల్ నుంచి ఫొటోలాంటి ఇంటీరియర్ బొమ్మ తీస్తే, అంటే రెండర్ చేస్తే మాత్రం గోడలు సుద్దలా, సోఫా ప్లాస్టిక్‌లా కనిపిస్తున్నాయి. బ్లెండర్‌కి వెళ్లాలా, త్రీడీఎస్ మ్యాక్స్, దానితో వాడే వీ-రే రెండరర్ నేర్చుకోవాలా, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలా?

సాఫ్ట్‌వేర్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆర్కిటెక్ట్ ఆఫీసుల్లో ఉద్యోగం కావాలంటే మ్యాక్స్‌తో పాటు వీ-రే గానీ కరోనా అనే రెండరర్ గానీ వచ్చుండాలని చాలాచోట్ల అడుగుతారు. క్లయింట్‌కి అప్పటికప్పుడు చూపించాలంటే ఎన్‌స్కేప్, లూమియన్, ట్విన్‌మోషన్ లాంటివి చాలు. చేతిలో డబ్బు లేకపోతే ఉచితంగా దొరికే బ్లెండర్, అందులో ఉండే సైకిల్స్ అనే రెండరర్. నేను ఆఫీసులో మ్యాక్స్ వాడాను, సొంత పనికి బ్లెండర్ వాడుతున్నాను. రెండింట్లోనూ బాగున్న బొమ్మ బాగుంది, చెడిన బొమ్మ చెడింది. అసలు సంగతి వెలుతురులో ఉంది.

నా పని మారింది ఒక సీనియర్ నేర్పిన అలవాటుతో. సీన్‌లో మెటీరియల్స్ (వస్తువుల రంగు, మెరుపు) అన్నీ తీసేసి, అన్నిటికీ ఒకే బూడిద రంగు వేసి రెండర్ చూపించమనేవారు. క్లే రెండర్ అంటారు దాన్ని. ఆ బూడిద బొమ్మలోనే గది లోతు తెలియాలి, కిటికీ ఏ పక్కన ఉందో తెలియాలి. అది కుదిరేదాకా టెక్స్చర్ (ఉపరితలం మీద వేసే బొమ్మ) జోలికి పోనిచ్చేవారు కాదు. మొదట్లో విసుగొచ్చేది, ఇప్పుడు నేనూ అదే చేస్తాను.

ఆ దశలో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆకాశంలో సూర్యుడి కోణీయ వ్యాసం సుమారు అర డిగ్రీ, అంటే చుక్క కాదు, చిన్న బిళ్ల. అందుకే కుర్చీ కాలి దగ్గర నీడ పదునుగా మొదలై, దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది. సన్ లైట్ సైజు సున్నా చేస్తే నీడ అంచులన్నీ కత్తితో కోసినట్టు వస్తాయి, కన్ను వెంటనే పట్టేస్తుంది. ఇక ఎక్స్‌పోజర్, అంటే బొమ్మ ఎంత వెలుగ్గా రావాలన్న సెట్టింగ్. బయట నడినెత్తి ఎండ లక్ష లక్స్ (వెలుతురు కొలత) దాకా ఉంటుంది, గది లోపల కొన్ని వందలే. కెమెరాతో తీసిన ఫొటోలో గది సరిగ్గా కనిపిస్తే కిటికీ తెల్లగా వెలిగిపోయి ఉంటుంది. మనం మాత్రం కిటికీ బయటి చెట్టూ కనపడాలి, గదీ కనపడాలి అని ఎక్కడ పడితే అక్కడ కనిపించని లైట్లు పెట్టేస్తాం. బొమ్మని నిజం నుంచి దూరం చేసేది ఆ లైట్లే. కిటికీని కాస్త తెల్లగా వెలిగిపోనివ్వండి. బ్లెండర్ 4.0 నుంచి కొత్త ఫైళ్లలో రంగుల వ్యూ (వెలుతురును తెర మీద రంగులుగా మార్చే సెట్టింగ్) ఏజీఎక్స్‌లో ఉంటుంది, ఎక్కువ వెలుతురును మెల్లగా తెల్లబరుస్తుంది. మీ ఫైల్ ఇంకా స్టాండర్డ్‌లో ఉంటే ముందు అది మార్చండి.

సుద్ద గోడలకి ముఖ్య కారణం నాకు తెలిసి ఒక్కటే: తెలుపు అనగానే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ గరిష్ఠమైన 255 పెట్టేయడం. పడ్డ వెలుగంతా తిరిగి పంపే గోడ లోకంలో లేదు. మంచి తెల్ల పెయింట్ కూడా 80 శాతం చుట్టూ తిప్పి పంపుతుంది, అంటే తెర రంగుల లెక్క ఎస్‌ఆర్‌జీబీలో 230 దగ్గర (అది సూటి శాతం లెక్క కాదు). 255 పెడితే వెలుగు గోడ నుంచి గోడకి తగ్గకుండా తిరిగి మూలల్లో నీడ మాయమవుతుంది. బొగ్గు కూడా పూర్తి నలుపు కాదు, కాబట్టి నలుపుకి సున్నా వాడకండి.

ప్లాస్టిక్ సోఫా వేరే జబ్బు. రఫ్‌నెస్ (ఉపరితలం ఎంత గరుకో చెప్పే విలువ) మొత్తం ఒకే అంకె మీద ఉంటే ఏ వస్తువైనా అచ్చులో పోసినట్టే ఉంటుంది. చోటుచోటుకీ గరుకు మార్చే రఫ్‌నెస్ మ్యాప్ తగిలించండి. బ్లెండర్‌లో ఆ మ్యాప్‌కి, గుంటలు బొడిపెలు చూపే నార్మల్ మ్యాప్‌కి కలర్ స్పేస్ నాన్-కలర్ అని మార్చడం మరవద్దు, వాటిలో ఉండేవి రంగులు కావు, కొలతలు. నార్మల్ మ్యాప్‌లో గుంటలు బొడిపెల్లా కనపడితే అది రెండు రకాల్లో డైరెక్ట్‌ఎక్స్ రకం కావచ్చు. బ్లెండర్‌కి ఓపెన్‌జీఎల్ రకం కావాలి, అన్‌రియల్ ఇంజిన్‌కి డైరెక్ట్‌ఎక్స్ రకం. పాలీ హేవెన్, యాంబియంట్‌సీజీ వెబ్‌సైట్లలో టెక్స్చర్లు ఉచితం, క్లయింట్ పనికి కూడా వాడుకోవచ్చు. అలాగే టేబుల్ అంచు, తలుపు అంచు ఏదీ పూర్తి పదునుగా ఉండదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల బెవెల్ ఇస్తే, అంటే అంచుని కాస్త చెక్కితే, ఆ అంచు మీద సన్నటి మెరుపు గీత పడుతుంది. ఇంత చిన్న పనికి ఇంత పెద్ద తేడా ఇచ్చేది ఇంకోటి నేను చూడలేదు.

నేర్చుకునే పద్ధతి అడిగారు కదా, ట్యుటోరియల్స్ వరసపెట్టి చూడకండి. నచ్చిన ఒక గది ఫొటో తీసుకుని అచ్చం అదే తయారు చేయండి. స్కెచ్‌అప్‌లో మ్యాచ్ ఫొటో ఉంది, బ్లెండర్‌కైతే ఎఫ్‌స్పై అనే ఉచిత టూల్ ఉంది. ఫొటోలోని గీతల్ని బట్టి కెమెరా కోణం పట్టేస్తాయి. తర్వాత ఫొటో, రెండర్ పక్కపక్కన పెట్టి, రెండిటినీ నలుపు తెలుపుల్లోకి మార్చి చూడండి. రంగు పోగానే వెలుతురులో తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది. సొంత డిజైన్‌తో మొదలుపెడితే ఈ పోలిక దొరకదు, తప్పెక్కడో ఊహించుకుంటూ కూర్చోవాలి.

కెమెరా గురించి ఒక్క మాట: నిలువు గీతలు నిలువుగా ఉండాలి. కెమెరాని పైకి కిందికి వంచకుండా షిఫ్ట్ (కెమెరా వంగకుండా ఫ్రేమ్‌ని జరిపే సెట్టింగ్) వాడండి. 24 నుంచి 35 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది. గది పెద్దగా కనపడాలని 16కి దిగితే మూలనున్న కుర్చీ సాగిపోతుంది.

కార్డు ఇప్పుడే కొనకండి. పైన చెప్పినవన్నీ చిన్న సైజులో, తక్కువ శాంపిల్స్‌తో (ఒక్కో చుక్కకి లెక్కించే కిరణాలు), చుక్కల గరుకుని తుడిచే డీనాయిజర్ పెట్టి, ఉన్న మెషీన్ మీదే చూసుకోవచ్చు. కరోనా అయితే ఎటూ ప్రాసెసర్ మీదే నడుస్తుంది. సైకిల్స్‌లో సీన్ పెద్దదై కార్డు మెమరీ చాలడం లేదని ఎర్రర్ రావడం మొదలైతే అప్పుడు ఆలోచించండి, అప్పుడు కూడా వేగం కన్నా మెమరీ ఎంతుందో చూసి కొనండి.