స్క్రిప్టు ఔట్‌పుట్ ఫైల్లోకి పోవట్లేదు, ఎర్రర్లు కనపడట్లేదు: ఎలా సేవ్ చేయాలి, ఎలా చూడాలి?

అడిగినదాన్ని టూకీగా చెప్పుకుందాం. ఉమ్మడి అనంతపురం జిల్లా 63 మండలాల రోజువారీ వర్షపాతాన్ని సరిచేసే పైథాన్ స్క్రిప్టు కాలేజీ ల్యాబులోని ఉబుంటు (లైనక్స్) మెషీన్లో నడుస్తోంది. ఇంటి నుంచి పుట్టీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్‌తో దానికి కనెక్ట్ అవుతున్నారు. పైకి స్క్రోల్ చేస్తే మొదటి మండలాలు మాయం. ఫైల్లోకి పంపితే చాలాసేపు ఫైలు ఖాళీగా ఉంటోంది. ఎర్రర్లు ఆ ఫైల్లోకి రావట్లేదు. ఇంట్లో కరెంటు పోతే మొదటికొస్తోంది.

ఇందులో స్క్రిప్టు తప్పు ఏమీ లేదు. నాలుగింటికీ కారణాలు వేరువేరు, కానీ మందు దాదాపు ఒక్క వరుసలోనే ఉంది. కమాండ్లు చదవడానికి తెలుగులో రాస్తున్నా, కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే కొట్టండి. పెద్దక్షరం అని నేను చెప్పని చోట అంతా చిన్నక్షరాలే. వాన.పీవై అంటే మీ స్క్రిప్టు, వాన.లాగ్ అంటే ఔట్‌పుట్ చేరాల్సిన ఫైలు.

పైథాన్3 -యు వాన.పీవై > వాన.లాగ్ 2>&1

ముందు స్క్రోల్ సంగతి. పుట్టీ వెనకటి వరుసలు మామూలుగా 2000 దాచుకుంటుంది. మీ 63 మండలాలకు ఏడాది డేటా అంటే 22,995 వరుసలు. గ్నోమ్ టెర్మినల్ 10,000 దాచినా చాలదు. సెట్టింగుల్లో ఆ అంకె పెంచుకోవచ్చు గానీ, విండో మూసిన మరుక్షణం అదీ పోతుంది కాబట్టి పెంచి లాభం లేదు. స్క్రీను చూడ్డానికి, ఫైలు దాచడానికి.

ఇక >. ఒకటి వేస్తే ఫైలు తుడిచి కొత్తగా రాస్తుంది, రెండు వేస్తే (>>) ఉన్నదాని చివర చేరుస్తుంది. ఇది అందరికీ తెలిసిందే. చాలామందికి తట్టనిది ఏమంటే, ఫైలును తుడిచేది మీ ప్రోగ్రామ్ కాదు, షెల్, అంటే మీరు కొట్టిన కమాండ్లు చదివి నడిపించేది. అదీ ప్రోగ్రామ్ మొదలవకముందే. అందుకే స్క్రిప్టు పేరు తప్పు కొట్టినా నిన్నటి లాగ్ పోతుంది. "సార్ట్ వాన.టీఎక్స్‌టీ > వాన.టీఎక్స్‌టీ" అని కొడితే ఫైలు సున్నా బైట్లు అయి కూర్చుంటుంది, సార్ట్ చదివేసరికి అక్కడ ఏమీ ఉండదు. ఈ భయం ఉంటే "సెట్ -ఓ నోక్లాబర్" అని బ్యాష్‌ఆర్‌సీ అనే షెల్ సెట్టింగుల ఫైల్లో పెట్టుకోండి. ఉన్న ఫైలు మీద > వేస్తే ఒప్పుకోదు. కావాలనే తుడవాలంటే >| వాడాలి.

ఎర్రర్లు ఫైల్లోకి ఎందుకు రాలేదంటే, ప్రతి ప్రోగ్రామ్‌కూ బయటికి రెండు దారులు ఉంటాయి. 1 మామూలు ఔట్‌పుట్‌కు, 2 ఎర్రర్లకు. ఊరికే > వేస్తే మళ్లేది 1 మాత్రమే. 2>&1 అంటే "1 ఇప్పుడు ఎక్కడికి పోతోందో 2 కూడా అక్కడికే" అని. ఇందులో "ఇప్పుడు" అన్నదే కీలకం. షెల్ ఎడమ నుంచి కుడికి చదువుతుంది. ముందు > వాన.లాగ్, తర్వాత 2>&1 రాస్తే, 1 అప్పటికే ఫైలు వైపు తిరిగి ఉంటుంది కాబట్టి 2 కూడా ఫైల్లోకే పోతుంది. తిరగేసి 2>&1 > వాన.లాగ్ అని రాస్తే, 2 వంతు వచ్చేసరికి 1 ఇంకా స్క్రీను మీదే ఉంది. 2 స్క్రీనుకు అతుక్కుపోయి, ఆ తర్వాత 1 ఒక్కటే ఫైలుకు పోతుంది. మీ ప్రశ్నలో పెట్టిన కమాండ్ సరిగ్గా ఈ తిరగేసినదే. ఎర్రర్లు విడిగా కావాలంటే ఇలా:

పైథాన్3 -యు వాన.పీవై > వాన.లాగ్ 2> తప్పులు.లాగ్

పెద్ద డేటా శుభ్రం చేసేటప్పుడు నాకు ఇదే ఇష్టం. తప్పులు.లాగ్ సున్నా బైట్లు ఉంటే తెరవాల్సిన పనే లేదు.

కొందరు పొట్టిగా &> అని రాస్తారు. మీరు కమాండ్లు కొట్టే షెల్ అయిన బ్యాష్‌లో బాగానే పనిచేస్తుంది. కానీ ఉబుంటులో ఎస్‌హెచ్ అనే షెల్ అంటే 2006లో వచ్చిన 6.10 నుంచి బ్యాష్ కాదు, డ్యాష్. డ్యాష్‌కు &> తెలియదు. & వరకు ఒక కమాండ్ అనుకుని దాన్ని బ్యాక్‌గ్రౌండ్లో నడిపిస్తుంది, > ను వేరుగా తీసుకుని ఖాళీ ఫైలు సృష్టిస్తుంది. ఎర్రర్ కూడా ఇవ్వదు. చెప్పిన వేళకు కమాండ్లు నడిపే క్రాన్ వాడేది ఈ ఎస్‌హెచ్‌నే. చేత్తో కొడితే పనిచేసి క్రాన్‌లో మాత్రం ఖాళీ ఫైలు ఇచ్చే కమాండ్ కనపడితే మొదట వెతకాల్సింది ఇదే.

ఫైలు చాలాసేపు ఖాళీగా ఉండటం అసలైన తలనొప్పి. పైథాన్ తన ఔట్‌పుట్ స్క్రీనుకు పోతోందని తెలిస్తే ఒక్కో వరుస వెంటనే వదులుతుంది. ఫైలుకో, పైపుకో (ఒక కమాండ్ ఔట్‌పుట్‌ను ఇంకో కమాండ్‌కు అందించే | గుర్తు) పోతోందని తెలిస్తే, షేర్ ఆటో నిండేదాకా కదలనట్టు, సుమారు 8 కిలోబైట్లు పోగయ్యేదాకా వదలదు. మీ వరుస ఒకటి తీసుకుందాం: "గార్లదిన్నె 2023-07-14 12.4". యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ఒక్కోటి 3 బైట్లు. గార్లదిన్నెలో అలాంటివి 11, అంటే 33 బైట్లు. తేదీ, అంకె, ఖాళీలు, వరుస చివర కలిపి ఇంకో 17. మొత్తం 50. అంటే 160 పైచిలుకు వరుసలు పోగైతే తప్ప ఫైల్లో మొదటి అక్షరం పడదు. ఒక్కో వరుసకు సర్వర్ నుంచి డేటా తెచ్చుకునే స్క్రిప్టయితే అది గంట కూడా కావచ్చు.

ఖాళీగా కనపడటంతో ఆగితే పర్వాలేదు. ప్రోగ్రామ్‌ను ఆపడానికి మామూలు కిల్ కొట్టినా, కిల్ -9 కొట్టినా బఫర్లో, అంటే ఇలా పోగుచేసే చోట, ఉన్నది ఫైలుకు చేరకుండానే పోతుంది. కంట్రోల్-సీ కొడితే మాత్రం పైథాన్ సాధారణంగా ఉన్నది దించేసి పోతుంది. ఇంకో మెలిక: ఎర్రర్ల దారికి ఇంత పెద్ద బఫర్ ఉండదు, కాబట్టి ఒకే ఫైల్లోకి రెండూ పంపితే చివర్లో వచ్చిన ఎర్రర్ దానికి ముందు ప్రింట్ అయినవాటి కంటే పైన కనపడుతుంది. ఫలానా మండలం దగ్గర ఆగింది అనుకుని తప్పు చోట వెతుకుతారు.

దీనికే మొదటి కమాండ్లోని -యు, పోగుచేయకుండా వెంటనే వదలమని చెప్పడానికి. కమాండ్ మార్చడానికి వీల్లేని చోట పైథాన్‌అన్‌బఫర్డ్=1 అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ పెట్టండి, పేరంతా పెద్దక్షరాలు. స్క్రిప్టు మీ చేతిలోనే ఉంటే ముఖ్యమైన ప్రింట్‌లో ఫ్లష్=ట్రూ చాలు, ట్రూలో మొదటి అక్షరం పెద్దది. నెట్లో చాలాచోట్ల ఎస్‌టీడీబఫ్ అనే కమాండ్ వాడమని రాస్తారు. అది సీ లైబ్రరీ బఫర్‌ను మారుస్తుంది, పైథాన్3 ఆ బఫర్ వాడదు, కాబట్టి ఇక్కడ దండగ. వరుసలు వెతికే గ్రెప్‌కు --లైన్-బఫర్డ్, వరుసలు మార్చే సెడ్‌కు -యు ఉన్నాయి. ఫైలు చివరి వరుసలు చూపే టెయిల్ తర్వాత రెండు గ్రెప్‌లు వరుసగా పైపులో పెట్టి "ఏమీ రావట్లేదు" అనుకునేవాళ్లు మొదటి గ్రెప్‌కు అది తగిలించాలి.

స్క్రీను మీదా కనపడాలి, ఫైల్లోనూ ఉండాలి అంటే టీ అనే కమాండ్:

పైథాన్3 -యు వాన.పీవై 2>&1 | టీ -ఏ వాన.లాగ్

-ఏ లేకపోతే పాత ఫైలు తుడుస్తుంది. ఇందులో ఒక గోతి ఉంది. పైపు మొత్తానికి ఫలితం చివరి కమాండ్‌దే లెక్క. పైథాన్ మధ్యలో చచ్చినా టీ హాయిగా ముగుస్తుంది కాబట్టి కమాండ్ ఫలితం చెప్పే $? సున్నా (అంటే బాగుంది అని) చూపిస్తుంది, తర్వాత కమాండ్ అంతా బాగుందనుకుని సగం డేటాతో ముందుకు పోతుంది. బ్యాష్ స్క్రిప్టు పైన "సెట్ -ఓ పైప్‌ఫెయిల్" పెట్టండి. /వార్/లాగ్ లాంటి చోట రాయాలంటే అడ్మిన్ హక్కులిచ్చే సుడో ముందు పెట్టి > వేసినా "పర్మిషన్ డినైడ్" వస్తుంది, ఎందుకంటే ఫైలు తెరిచేది మీ షెల్, దానికి సుడో లేదు. "| సుడో టీ" అని రాస్తే సరిపోతుంది.

చూడ్డానికి ఫైలంతా ఒకేసారి స్క్రీను మీదకు వదిలే క్యాట్ వాడకండి, మళ్లీ అదే స్క్రోల్ గొడవ. లెస్ వాడండి. నడుస్తున్న ఫైలుకు "లెస్ +ఎఫ్ వాన.లాగ్", ఇక్కడ పెద్ద ఎఫ్. కొత్త వరుసలు వస్తూనే ఉంటాయి. కంట్రోల్-సీ కొడితే ఆగుతుంది. అప్పుడు / కొట్టి "కళ్యాణదుర్గం" అని వెతకండి, పెద్ద ఎఫ్ కొడితే మళ్లీ పరుగు మొదలు. & కొట్టి ఒక మాట ఇస్తే ఆ మాట ఉన్న వరుసలే మిగులుతాయి, ఉత్త & కొట్టి ఎంటర్ నొక్కితే అన్నీ వెనక్కి వస్తాయి. పొడుగు వరుసలు మడతపడి గజిబిజి అయితే పెద్ద ఎస్‌తో -ఎస్. టెయిల్ -ఎఫ్ కూడా ఉంది గానీ, వెనక్కి పోయి వెతకడం కుదరదు. లాగ్ రొటేట్ అయ్యే (పాత ఫైలు పేరు మార్చి కొత్తది మొదలుపెట్టే) చోట టెయిల్‌కు పెద్ద ఎఫ్ ఇవ్వాలి, లేకపోతే పేరు మారిన పాత ఫైలునే పట్టుకుని కూర్చుంటుంది.

తెలుగు బదులు లెస్‌లో కోణపు బ్రాకెట్ల మధ్య ఈ0, బీ0 అంటూ వస్తే ఫైలు పాడవలేదు. తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో ఈ0 బీ0 తోనో ఈ0 బీ1 తోనో మొదలవుతాయి, లెస్ వాటిని బైట్లుగా చూపిస్తోంది, అంతే. ల్యాంగ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను సీ.యూటీఎఫ్-8 చేయండి, రెండూ పెద్దక్షరాలే. వత్తులు విడివిడిగా, గుణింతాలు పక్కకు జరిగి కనపడితే అది టెర్మినల్ లోపం. పుట్టీతో సహా చాలా టెర్మినళ్లకు మన వత్తులు కూర్చడం రాదు. అదే ఫైలు మామూలు ఎడిటర్లో తెరిస్తే సరిగ్గానే ఉంటుంది.

ఇంట్లో కరెంటు పోయే సమస్యకు టీమక్స్, కనెక్షన్ తెగినా లోపలిది నడుస్తూనే ఉండే టెర్మినల్. ల్యాబ్ మెషీన్లోకి పోయాక "టీమక్స్ న్యూ -ఎస్ వాన", లోపల స్క్రిప్టు మొదలుపెట్టండి, కంట్రోల్-బీ నొక్కి వదిలి, తర్వాత డీ నొక్కి బయటికి రండి. కరెంటు వచ్చాక "టీమక్స్ అటాచ్ -టీ వాన". టీమక్స్ లేకపోతే నోహప్:

నోహప్ పైథాన్3 -యు వాన.పీవై > వాన.లాగ్ 2>&1 &

టీమక్స్ ఉంది కదా అని లాగ్ మానేయొద్దు. దాని వెనకటి వరుసలు కూడా మామూలుగా 2000 మాత్రమే. పైగా కరెంటు పోయేది ల్యాబులోనైతే టీమక్సూ పోతుంది, మిగిలేది ఫైలు ఒక్కటే. అందులోనూ చివరి అర నిమిషం గ్యారంటీ లేదు, లైనక్స్ రాసినవాటిని మామూలుగా 30 సెకన్ల దాకా మెమరీలో ఉంచుకుని డిస్కుకు దించుతుంది. యూపీఎస్ లేని మెషీన్ అయితే స్క్రిప్టు ఎక్కడిదాకా వచ్చిందో వేరే ఫైల్లో రాసుకుని, మళ్లీ అక్కడి నుంచి మొదలయ్యేలా రాయడమే దారి.

స్క్రిప్టు ఇప్పటికే టీమక్స్‌లో లాగ్ లేకుండా నడుస్తుంటే ఆపక్కర్లేదు. "టీమక్స్ క్యాప్చర్-పేన్ -పీ -ఎస్ - > వాన.లాగ్" అని వేరే విండోలో కొట్టండి, ఎస్ పెద్దది. దాచుకున్న వరుసలన్నీ వస్తాయి. పేన్ (స్క్రిప్టు నడుస్తున్న టీమక్స్ గడి) ఏదో -టీతో చెప్పాలి.

ప్రోగ్రెస్ బార్ ఉంటే లాగ్ మొత్తం ఒకటే పొడుగు వరుసగా కనపడుతుంది. బార్ కొత్త వరుసకు పోదు, ఉన్న వరుస మొదటికే వచ్చి మళ్లీ రాస్తుంది. టీక్యూడీఎమ్ లాంటి పైథాన్ ప్రోగ్రెస్ బార్లు ఎర్రర్ల దారిలో రాస్తాయి కాబట్టి 2> వేరుగా పంపితే మీ లాగ్ శుభ్రంగా ఉంటుంది.

రోజూ పొద్దున నడపాలన్నారు. వర్షపాతం లెక్క పొద్దున 8:30తో ముగుస్తుంది కాబట్టి క్రాన్ 9 తర్వాత పెట్టండి. ఫైలు పేరులో తేదీ రావాలంటే $(డేట్ +%ఎఫ్), ఎఫ్ పెద్దది. కానీ క్రాన్ కమాండ్లు రాసే క్రాన్‌టాబ్‌లో % గుర్తుకు కొత్త వరుస అనే అర్థం ఉంది. ముందు \ పెట్టకపోతే కమాండ్ అక్కడే తెగిపోతుంది. ఫైళ్లకు పూర్తి దారి రాయండి, క్రాన్ మీ ప్రాజెక్టు ఫోల్డర్లో కాదు, హోమ్‌లో మొదలవుతుంది.

విండోస్ ల్యాప్‌టాప్ మీద కూడా నడుపుతానన్నారు. అక్కడ స్క్రీను మీద తెలుగు బాగా వచ్చి, > వేయగానే "చార్‌మ్యాప్" అంటూ ఎర్రర్ వస్తుంది. ఫైలుకు పంపేటప్పుడు పైథాన్ విండోస్ పాత ఎన్‌కోడింగ్‌కు మారుతుంది, అందులో తెలుగు లేదు. సీఎండీ విండోలో "సెట్ పైథాన్‌యూటీఎఫ్8=1" కొట్టి (పైథాన్‌యూటీఎఫ్ పెద్దక్షరాలు) ఆ తర్వాత మామూలుగా > వేయండి. పవర్‌షెల్ 5.1లో > వేస్తే ఫైలు యూటీఎఫ్-16లో వస్తుంది, లైనక్స్‌కు తెచ్చాక గ్రెప్‌కు ఒక్క మండలం దొరకదు. ఈ పనికి సీఎండీనే నయం. ఆ ఫైలు ఎక్సెల్‌లో తెరవాలంటే డబుల్ క్లిక్ చేయకుండా, డేటా మెనూలో ఫ్రమ్ టెక్స్ట్ నుంచి పోయి 65001 అన్న ఎన్‌కోడింగ్ ఎంచుకోండి.