పిరిడిన్ ఐఆర్‌లో లూయిస్ పీక్ మరీ పెద్దగా వస్తే ముందు ఏం చూడాలి?

ఘన ఆమ్లానికి పిరిడిన్ అనే క్షారాన్ని అంటించి, ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రమ్‌లో ఏ రకం ఆమ్ల స్థానాలు ఎన్ని ఉన్నాయో చూస్తారు. అమ్మోనియం రూపంలోని జెడ్ఎస్ఎమ్-5 జియోలైట్‌ని (సన్న రంధ్రాలున్న సిలికాన్-అల్యూమినియం ఆక్సైడ్) 550 డిగ్రీల సెల్సియస్‌లో కాల్చి పిరిడిన్ ఇస్తే, 1545 (బ్రాన్‌స్టెడ్, అంటే ప్రోటాన్ ఇచ్చే స్థానాలు) కన్నా 1450 (లూయిస్, అంటే ఎలక్ట్రాన్ జంట తీసుకునే స్థానాలు) పీకే పెద్దగా వస్తోందని అడిగారు. పీక్ అంకెలన్నీ సెం.మీ.⁻¹లో. గుళికలుగా కొన్నదైతే అందులో బైండర్‌గా (పొడిని గుళికగా పట్టి ఉంచే పదార్థం) అల్యూమినా ఉందేమో ముందు కనుక్కోండి. గామా అల్యూమినా ఓహెచ్‌లకు (హైడ్రాక్సిల్ గుంపులు) పిరిడిన్‌కి ప్రోటాన్ ఇచ్చేంత బలం లేదు, కాబట్టి అది లూయిస్ పీక్‌నే పెంచుతుంది.

ఉత్త పొడి అయితే, పిరిడిన్ ఇవ్వకముందు తీసిన స్పెక్ట్రమ్ తెరవండి. చాలామంది దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా తీసేసి మళ్ళీ చూడరు, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. 3745 సిలనాల్ (సిలికాన్ మీది ఓహెచ్). 3610 సిలికాన్, అల్యూమినియంల మధ్య వంతెన ఓహెచ్, మీకు కావలసిన ప్రోటాన్ అదే. 3610 తగ్గి 3660 దగ్గర చిన్న గూని లేచిందంటే అల్యూమినియం జియోలైట్ చట్రాన్ని వదిలి బయటికొచ్చింది. ఇది సాధారణంగా నీటి ఆవిరి పని. తడి పొడిని మందంగా పోసి గబగబా వేడెక్కిస్తే ఆవిరి పోయే దారిలేక చట్రాన్నే విరగ్గొడుతుంది. పలచటి పొరగా పరిచి, పొడి గాలి పారిస్తూ, నిమిషానికి 1–2 డిగ్రీలు ఎక్కించండి. 120 దగ్గర గంట ఆపండి.

3610 బాగానే ఉంటే తప్పు కొలతలో ఉంది. 1597 దగ్గర పీక్ ఉందా? ఉంటే అది సిలనాల్‌కి హైడ్రోజన్ బంధంతో అంటుకున్న పిరిడిన్. దాని జోడీ పీక్ 1445 దగ్గర వచ్చి లూయిస్ వైశాల్యంలో కలిసిపోతుంది. గది ఉష్ణోగ్రతలోనే వాక్యూమ్ లాగి ఆపేస్తే ఇలాగే అవుతుంది. జియోలైట్‌లో మొదట ఉన్న సోడియం పూర్తిగా అమ్మోనియంగా మారకపోయినా 1440 చుట్టుపక్కల పీక్ వస్తుంది.

కొలత ఇలా చేయండి. 10–15 మిల్లీగ్రాముల పొడిని 13 మి.మీ. డైలో బిళ్ళగా నొక్కండి. ఒత్తిడి బిళ్ళ నిలబడేంత చాలు. కేబీఆర్ (పొటాషియం బ్రోమైడ్) కలపొద్దు: నీళ్ళు తెస్తుంది, పొటాషియం ప్రోటాన్ల స్థానంలోకి దూరుతుంది. సెల్‌లో వాక్యూమ్ కింద 450 డిగ్రీల్లో కొన్ని గంటలు ఉంచండి. అంతకు మించి వేడి చేయకండి, ఓహెచ్‌లు నీరుగా పోయి కొత్త లూయిస్ స్థానాలు పుడతాయి. 150కి చల్లార్చి పిరిడిన్ ఇచ్చి, అదే 150లో అరగంట వాక్యూమ్ లాగి, 1597 పూర్తిగా పోయాకే స్పెక్ట్రమ్ తీయండి. 1490 పీక్ రెండు రకాల స్థానాలదీ కాబట్టి లెక్కలోకి తీసుకోకండి.

లెక్కకి ఎమీస్ 1993లో ఇచ్చిన గుణకాలే ఎక్కువమంది వాడతారు. బ్రాన్‌స్టెడ్ (మిల్లీమోల్/గ్రాము) = 1.88 × 1545 పీక్ వైశాల్యం × బిళ్ళ వ్యాసార్థం² (సెం.మీ.లో) ÷ బిళ్ళ బరువు (మి.గ్రా.లో). లూయిస్‌కి 1.88 బదులు 1.42, 1450 వైశాల్యం. 15 మి.గ్రా. బిళ్ళ, 0.65 సెం.మీ. వ్యాసార్థం, వైశాల్యం 6 అయితే 0.32 వస్తుంది. సిలికాన్-అల్యూమినియం నిష్పత్తి 40 ఉన్న జియోలైట్‌లో మొత్తం అల్యూమినియమే గ్రాముకి దాదాపు 0.4 మిల్లీమోల్, కనుక ఇది నమ్మదగ్గ అంకె. 0.4 దాటితే బరువో బేస్‌లైనో తప్పు. వైశాల్యం అబ్సార్బెన్స్‌లోనే కొలవాలి, ట్రాన్స్‌మిటెన్స్‌లో కాదు.

పిరిడిన్ ఇచ్చాక కూడా 3610 కొంత మిగిలితే ఇంకాస్త సేపు ఇవ్వండి. పిరిడిన్ అణువు పరిమాణం జెడ్ఎస్ఎమ్-5 రంధ్రానికి దగ్గరదగ్గర సమానం, మెల్లగా దూరుతుంది. మార్డెనైట్ అనే మరో జియోలైట్‌లో మాత్రం ఎంతసేపు ఇచ్చినా పక్క అరల్లోకి వెళ్ళదు, అక్కడ అమ్మోనియా వాడాల్సిందే.