గిటార్ రికార్డింగ్‌లో గుయ్యిమనే మోత: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి తల్లికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన రికార్డింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. చెయ్యి బాగా తిరిగింది, సంతోషం. వెనక మాత్రం గుయ్యిమని ఒకటే మోత, మధ్యమధ్యలో చిటపటలు. పైగా తీగ మీటిన కాసేపటికి గానీ చెవిలో వినపడటం లేదన్నావు. గిటార్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె, అదే ఇంటర్‌ఫేస్, కొత్తది కొనేయనా అని అడిగావు. వద్దమ్మా. ముందు ఇప్పుడున్నదానితోనే ఓ పూట కూర్చో. ఇవి మూడు వేర్వేరు జబ్బులు, ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు.

ఎప్పుడైనా గిటార్ దగ్గర మొదలుపెట్టి కంప్యూటర్ వైపు రా. ఒకసారికి ఒక్కటే మార్చు. ఇది నాకు ఒక రోజంతా పోగొట్టుకున్నాక తెలిసింది. చిటపటలు వస్తున్నాయని డ్రైవర్లు మార్చాను, చివరికి విండోస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. తీరా చూస్తే గిటార్‌లో కేబుల్ దూర్చే సాకెట్ నట్టు వదులైంది, అంతే. కాబట్టి ముందుగా రికార్డ్ నొక్కి, ఏమీ వాయించకుండా, కేబుల్‌ను రెండు కొసల దగ్గరా మెల్లగా కదిపి చూడు. కదిపినప్పుడు చిటపటమంటే తప్పు అక్కడే ఉంది. కేబుల్ కదలకపోయినా, ప్లగిన్లు (శబ్దానికి హంగులు అద్దే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఎక్కువ పెట్టినప్పుడల్లా వస్తుంటే అది బఫర్ సంగతి, దాని గురించి కింద చెబుతాను.

ఇక ఆ మోత. నీ గిటార్‌వి సింగిల్ కాయిల్ పికప్‌లు, అంటే తీగల కింద అయస్కాంతాల చుట్టూ ఒక్కటే తీగచుట్ట ఉండేవి. అవి తీగ కదలికతో పాటు చుట్టుపక్కల కరెంటు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత క్షేత్రాన్ని కూడా పట్టేస్తాయి. కరెంటు సెకనుకు 50 సార్లో 60 సార్లో ఊగుతుంది కదా, నువ్వు వింటున్నది ఆ ఊపునీ దాని రెట్టింపులనీ. గిటార్ ఒళ్లో పెట్టుకుని, వాల్యూమ్ పూర్తిగా పెంచి, తిరిగే కుర్చీలో నిదానంగా ఒక చుట్టు తిరుగు. ఒక దిక్కున మోత బాగా పెరుగుతుంది, ఇంకాస్త తిరిగేసరికి దాదాపు అణిగిపోతుంది. అణిగిన చోట ఆగి, అటు తిరిగే వాయించు. కంప్యూటర్ తెరకూ లాప్‌టాప్‌కూ దూరంగా జరిగితే ఇంకా తగ్గుతుంది. హంబకర్ అనే రకం పికప్‌లో రెండు తీగచుట్టలు ఒకదాని మోతను మరొకటి రద్దు చేసుకునేలా ఉంటాయి, అందుకే దానికి ఈ బాధ తక్కువ.

తీగల మీద చెయ్యి వేయగానే మోత తగ్గితే కంగారుపడకు, అది మామూలే. చెయ్యి వేస్తే పెరిగితే మాత్రం లోపలి వైరింగ్ చూపించాలి.

ఏ వైపు తిరిగినా మోత మారకపోతే లాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడు. ఠక్కున ఆగిందా, అయితే అది గ్రౌండ్ లూప్, అంటే పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్‌కు కలిసి వాటి మధ్య కరెంటు తిరగడం. లాప్‌టాప్, ఆంప్ (గిటార్ శబ్దాన్ని పెంచే పెట్టె), స్పీకర్లు అన్నీ ఒకే పవర్ స్ట్రిప్‌కు పెట్టు, లేదంటే రికార్డ్ చేసేంతసేపూ బ్యాటరీ మీదే ఉండు. తల్లీ, ఒక్క మాట. మోత పోతుందని ప్లగ్‌లో ఎర్త్ పిన్ను ఎప్పుడూ తీసేయకు. ఎవరు చెప్పినా వినకు. నీ చెయ్యి లోహపు తీగల మీద ఉంటుంది, ప్రాణం మీదికి వస్తుంది.

ఆలస్యం సంగతి. కంప్యూటర్ శబ్దాన్ని గుప్పెళ్లుగా తీసుకుంటుంది, ఆ గుప్పెడే బఫర్. 44,100 శాంపిల్ రేటు దగ్గర, అంటే సెకనుకు అన్నిసార్లు శబ్దాన్ని కొలుస్తున్నప్పుడు, 1024 కొలతల బఫర్ అంటే ఒక వైపుకే 23 మిల్లీసెకన్లు. లోపలికి, బయటికి కలిపితే అంతకు రెట్టింపు. చేతికీ చెవికీ పొంతన కుదరకపోవడం అందుకే. 128 పెడితే ఒక వైపుకు 3 మిల్లీసెకన్ల లోపు. ఆంప్‌కు మూడు మీటర్ల దూరంలో నిలబడితే గాలిలో వచ్చేసరికే 9 మిల్లీసెకన్లు పడుతుంది, అది ఎవరికీ తెలియదు కూడా. విండోస్‌లో మామూలు డ్రైవర్ కాకుండా ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఏసియో (ASIO) అనే, ఆలస్యం తగ్గించే డ్రైవర్ ఎంచుకో. రికార్డ్ చేసేటప్పుడు 128, రికార్డయినవన్నీ కలిపి సర్దేటప్పుడు, అంటే మిక్స్ చేసేటప్పుడు, 1024. 128 దగ్గర చిటపటలొస్తే 256కు పోయి, బరువైన ప్లగిన్లు ఆపు. అయినా తగ్గకపోతే వైఫై కూడా ఆపి చూడు. ప్రతి స్వరం రెండుసార్లు వినపడితే డైరెక్ట్ మానిటర్ (ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వినిపించేది), సాఫ్ట్‌వేర్ మానిటర్ (కంప్యూటర్ మీదుగా వినిపించేది) రెండూ తెరిచి ఉన్నట్టు. ఒకటి మూసేయ్.

లెవెల్ ఎర్రలోకి పోనివ్వకు. గట్టిగా వాయించినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఇంటర్‌ఫేస్ మీది గెయిన్ (లోపలికి వచ్చే శబ్దాన్ని పెంచి తగ్గించే నాబ్) తిప్పు. అక్కడ చిట్లిన శబ్దం సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ (శబ్దపు మీట) దించినా బాగుపడదు. 24 బిట్‌లో, అంటే ఎక్కువ సూక్ష్మమైన కొలతతో, రికార్డ్ చేస్తే ఈ తక్కువ లెవెల్‌కు నష్టమేమీ లేదు. ఇన్‌పుట్ దగ్గర ఇన్‌స్ట్రుమెంట్ అనో గిటార్ బొమ్మో ఉన్న స్విచ్ నొక్కావో లేదో చూడు. అది నొక్కకపోతే పై స్వరాలు మొద్దుబారి దుప్పటి కప్పినట్టు వినిపిస్తాయి. ఒక చెవిలోనే వినపడితే ట్రాక్‌ను మోనోకు (రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేలా) మార్చు.

అకూస్టిక్ గిటార్ రికార్డ్ చేసే రోజున మైక్‌ను సౌండ్ హోల్‌కు (గిటార్ ముందున్న గుండ్రటి రంధ్రానికి) ఎదురుగా పెట్టకు, గుమ్‌గుమ్మంటుంది. 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డకడ్డీ) వైపు చూసేలా, ఒక అడుగు దూరంలో పెట్టు.

ఇవన్నీ చూశాక రెండు ఫైళ్లు పంపు. ఒకటి ఏమీ వాయించకుండా పది సెకన్లు, ఇంకోటి వాయిస్తూ పది సెకన్లు. ప్లగిన్లన్నీ ఆపి, ఎంపీత్రీ కాకుండా వేవ్ ఫైల్‌గానే పంపు. రాత్రికి వింటాను.

మీ మామయ్య