ఎల్4, ఎల్5 మధ్య డిస్కు జారితే ఎల్5 నాడి ఎందుకు నలుగుతుంది?

మెడలో వెన్నుపూసలు 7 ఉండగా నాడులు 8 జతలు ఎలా అయ్యాయనీ, మీ నాన్నగారికి నడుములోని 4వ, 5వ పూసలైన ఎల్4, ఎల్5 మధ్య డిస్కు (పూసల నడుమ ఉండే మెత్తటి దిండు) జారితే రిపోర్టులో ఎల్5 నాడి అని ఎందుకు రాశారనీ అడిగారు. ఆ రిపోర్టులో పొరపాటు లేదు.

మొదటి నాడి పుర్రెకూ మొదటి పూసకూ మధ్య నుంచి వెలువడుతుంది కాబట్టి మెడలో ప్రతి నాడీ తన పూసకు పైనుంచి వస్తుంది. 7వ పూస కింద మిగిలినదే 8వది, ఆ తర్వాతి నాడులన్నీ తమ పూసకు దిగువనే వస్తాయి.

నడుము సంగతి నిదానంగా చూడాలి. పెద్దవారిలో వెన్నుపాము సాధారణంగా ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ముగుస్తుంది, అక్కడి నుంచి నాడీమూలాలు గుర్రపు తోకలా కిందికి దిగుతాయి. ఎల్4 నాడి డిస్కుకు పైగానే, తన పూసను ఆనుకొని బయటికి వెళ్ళిపోతుంది. అందువల్ల డిస్కు వెనుకకు, కొద్దిగా పక్కకు ఉబ్బినప్పుడు, దాని వెనుకగా దిగుతున్న ఎల్5 మూలమే నలుగుతుంది. కాలి బొటనవేలిని పైకెత్తలేకపోవడం, పాదం పైభాగంలో తిమ్మిరి దాని గుర్తులు. డిస్కు బాగా పక్కకు జారితే మాత్రం ఎల్4 నలుగుతుంది.

మూత్రం ఆగిపోయినా, మర్మస్థానం చుట్టూ స్పర్శ తెలియకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.