సండే స్కూల్ పాప చెప్పిన విషయాన్ని సంఘంలోనే తేల్చుకోవచ్చా?

మీ ప్రశ్న ఇది. తొమ్మిదేళ్ల పాప, యవనస్థుల నాయకుడు తనతో ఏం చేశాడో సండే స్కూల్ టీచర్‌కు చెప్పింది. పెద్దలు మత్తయి 18 తెరిచి, "ముందు అతనితో ఒంటరిగా మాట్లాడదాం, పశ్చాత్తాపపడితే బయటికి పోనక్కర్లేదు" అంటున్నారు. పాస్టరు గారు మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. పోలీసుల దగ్గరికి వెళ్లడం విశ్వాసికి తగునా అని అడిగారు.

తగునా తగదా అన్న చర్చకు ఇక్కడ చోటే లేదు. ఇవాళే చెప్పాలి. ఉపవాసం చేస్తూ కూడా ఫోన్ చేయవచ్చు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చేయండి, లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. పిల్లల మీద లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవాళ్లే కాదు, జరగొచ్చని అనుమానం ఉన్నవాళ్లు కూడా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థను నడిపే మనిషి తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకుండా ఉంటే ఏడాది దాకా జైలు. అంటే టీచర్ ఒక్కరే కాదు, విషయం తెలిసి కూర్చున్న ప్రతి పెద్దా ఇందులో ఉన్నట్టే. పాస్టర్లకనీ, ఒప్పుకోలు విన్నవాళ్లకనీ ఆ సెక్షన్‌లో మినహాయింపు ఏదీ రాయలేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టే వీలు లేకుండా 19వ సెక్షనే రక్షణ ఇస్తుంది. నిజమో కాదో తేల్చే పని మీది కాదు. ఆధారాలు దొరికాక చెబుదాం అనుకుంటే, ఆ ఆధారాలు చెరిగిపోయేది మీ చేతుల్లోనే.

ఇక మత్తయి 18. పెద్దలు 15వ వచనం దగ్గర తెరుస్తారు. అదే అధ్యాయంలో 6వ వచనం ముందే ఉంది: చిన్నవారిలో ఒకరికి ఆటంకమైనవాడి మెడకు తిరగటిరాయి కట్టి సముద్రంలో ముంచేయడమే వాడికి మేలని యేసు చెప్పిన మాట. దాన్ని దాటుకుని 15కు ఎలా వెళ్తారో నాకెప్పుడూ అంతుపట్టదు. "నీ సహోదరుడు నీ యెడల తప్పిదం చేస్తే" అన్నది సాటి పెద్దవాళ్ల మధ్య గొడవల సంగతి. తొమ్మిదేళ్ల పిల్ల ఒంటరిగా వెళ్లి అతన్ని గద్దించాలా? 1 కొరింథీ 6 ఎత్తి "కోర్టుకు వెళ్లకూడదు" అనేవాళ్లూ ఉంటారు. పౌలు అక్కడ మాట్లాడింది ఆస్తి, లావాదేవీల తగాదాల గురించి. దానికి ముందున్న 5వ అధ్యాయంలోనే లైంగిక పాపం చేసినవాణ్ని వెలివేయమన్నాడు. నేరాన్ని శిక్షించే ఖడ్గం ఎవరి చేతిలో ఉందో రోమా 13 చెబుతుంది. సంఘ పెద్దల చేతిలో మాత్రం కాదు. ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలంటే ద్వితీయోపదేశకాండం 22:25-27 చదవండి. పొలంలో బలాత్కారానికి గురై, కేక వేసినా కాపాడేవాడు లేని ఆ అమ్మాయికి సాక్షులెవరూ లేరు. ధర్మశాస్త్రం ఆమె మాటనే నమ్మింది.

దావీదు రాజు కూతురు తామారు మీద ప్రసంగం ఎప్పుడైనా విన్నారా? దావీదు, గొల్యాతు కథ లెక్కలేనన్నిసార్లు వినుంటారు. 2 సమూయేలు 13 మాత్రం మందిరంలో వినిపించదు. ఈ విషయంలో సంఘానికి అంతకన్నా పనికొచ్చే అధ్యాయం లేదని నా గట్టి అభిప్రాయం. అమ్నోను దావీదు పెద్ద కొడుకు, తామారుకు సవతి అన్న. ఉపాయం చెప్పినవాడు దావీదు అన్న కొడుకు, గొప్ప తెలివైనవాడని పేరున్నవాడు. జబ్బు పడ్డట్టు నటించు, చూడటానికి రాజు వస్తాడు, తామారును పంపమని ఆయన్నే అడుగు అన్నాడు. దావీదు తనే పంపాడు. పిల్లను ప్రమాదం దగ్గరికి చేర్చింది నమ్మకస్థుడి మాట. అమ్నోను ఇంట్లో ఉన్న అందరినీ బయటికి పంపించేశాడు. ఆమె వద్దంది, కారణాలు చెప్పింది, బతిమాలింది. అతని బలం ఎక్కువ. పని అయ్యాక అతనిలో మిగిలింది ద్వేషం. సేవకుణ్ని పిలిచి, ఈమెను బయటికి గెంటి తలుపు గడియ వెయ్యమన్నాడు. ఆమె తల మీద బూడిద పోసుకుని, రాజకుమార్తెలు తొడుక్కునే ఆ అంగీని చింపుకుని, ఏడుస్తూ వెళ్లింది.

ఇప్పుడు ఇంట్లోవాళ్లు ఏం చేశారో చూడండి. తామారు సొంత అన్న అబ్షాలోము: ఊరుకో, అతను నీ అన్న, మనసులో పెట్టుకోకు. దావీదు: విని బాగా కోపగించుకున్నాడు. అంతే, ఆ కోపం ఒక్క పనిగా కూడా మారలేదు. రెండేళ్లు మౌనం. ఆ తర్వాత గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగలో అబ్షాలోము చేయించిన అమ్నోను హత్య, పిమ్మట అబ్షాలోము తిరుగుబాటు, చివరికి అతని చావు. తామారు ఏమైంది? అబ్షాలోము ఇంట్లో పాడైన బతుకుతో ఉండిపోయిందని ఒక్క వాక్యం, అక్కడితో ఆమె గొంతు బైబిల్లో మళ్లీ వినిపించదు. "ఊరుకో, మన సంఘం వాడే, సాక్ష్యం పోతుంది" అని పాప తల్లికి చెప్పే పెద్దలు అబ్షాలోము మొదటి వాక్యాన్నే మళ్లీ చెబుతున్నారు.

పాప టీచర్‌కు చెప్పింది కాబట్టి మొదటి గంట గడిచిపోయింది. అయినా ఎవరైనా మళ్లీ చదువుకునేందుకు రాస్తున్నాను. పిల్ల చెబుతున్నప్పుడు మొహంలో భయం, అసహ్యం కనిపించనివ్వకూడదు. అవి తనను చూసే కలిగాయని పిల్ల అనుకుంటుంది. "ఏం జరిగింది?", "ఆ తర్వాత?" అన్న రెండు ప్రశ్నలు చాలు. "అతను నిన్ను ఇక్కడ ముట్టుకున్నాడా?" అని మీరే జవాబు అందిస్తే, రేపు డిఫెన్స్ లాయరు అది నేర్పిన మాట అంటాడు. "ఎందుకు వెళ్లావు, ఎందుకు అరవలేదు" అనే ఎందుకులు అసలు వద్దు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. "నాకు చెప్పి మంచి పని చేశావు. తప్పు నీది కాదు. నిన్ను కాపాడగలిగేవాళ్లకు నేను చెప్పాలి" అనండి. పాప వెళ్లాక వెంటనే కూర్చుని, ఆమె వాడిన మాటలనే, చిన్నపిల్లల పదాలైనా సరే అలాగే రాసి, తేదీ, సమయం, సంతకం పెట్టండి. పాస్టరమ్మ గారు ఒకసారి, పెద్దలు ఒకసారి, బిషప్ ఆఫీసు ఒకసారి అడగడం ఆపండి. చెప్పించిన ప్రతిసారీ గాయం రేగుతుంది, వివరాలు కొద్దిగా మారతాయి, కేసు బలహీనపడుతుంది.

అతన్ని పిలిచి నిలదీయడం కూడా ఇదే కోవలోది. మీరు గద్దించిన రాత్రే ఫోన్‌లోని మెసేజ్‌లు పోతాయి, పాప ఇంటికి మనుషులు వెళ్తారు, లేదా అతనే ఊరు దాటతాడు. అతనికి విషయం తెలియాల్సింది పోలీసుల ద్వారానే.

ఘటన జరిగి 72 గంటలు దాటకపోతే ఆసుపత్రి ఇంకా తొందర. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు ఆ లోపలే మొదలుపెట్టాలి, ఎంత ముందైతే అంత మేలు. స్నానం చేయించకండి. ఆ బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్‌లో తేమ పట్టి ఆధారాలు పాడవుతాయి. రోజులు గడిచిపోయినా పరీక్షకు తీసుకెళ్లాల్సిందే. ఎఫ్‌ఐఆర్ ఇంకా కాలేదన్న కారణంతో వైద్య పరీక్ష ఆగకూడదని 27వ సెక్షన్. ఆడపిల్లను మహిళా డాక్టరే చూడాలి, తల్లిదండ్రులో పాప నమ్మే మనిషో పక్కన ఉండాలి. స్టేషన్ అంటే పాప తల్లి భయపడుతోందని రాశారు. 24వ సెక్షన్ ఆమెకు చదివి వినిపించండి. వాంగ్మూలం పాప ఇంట్లో లేదా ఆమె కోరుకున్న చోట తీసుకుంటారు. వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా వస్తారు. రాత్రి పూట పిల్లల్ని స్టేషన్‌లో ఉంచకూడదు.

ప్రార్థన గ్రూపుల గురించి ఒక మాట. "ఫలానా సిస్టర్ గారి పాప కోసం భారంగా ప్రార్థించండి" అని వాట్సాప్‌లో పెడితే గంటలో ఊరంతా తెలుస్తుంది. బాధిత పిల్లల గుర్తింపు మీడియాలో బయటపెట్టడం 23వ సెక్షన్ కింద నేరం. వాట్సాప్ కూడా అందులోకే వస్తుందని వాదించే లాయరు దొరకడం కష్టమేమీ కాదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ పాప రేపు అదే మందిరంలో అందరి చూపుల మధ్య కూర్చోవాలి.

సంఘాలు చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది క్షమాపణ కూటం. పాస్టరు గది, ఒక పక్క అతను కన్నీళ్లతో, ఇంకో పక్క పాప, తల్లిదండ్రులు, మధ్యలో తెరిచిన బైబిల్. లెక్కపెట్టకుండా క్షమించమన్న "డెబ్బది ఏళ్ల మారులు" వచనం చదువుతారు, చేతులు కలిపిస్తారు, ప్రార్థన చేస్తారు. ఆ గదిలో పాపకు అందే సంగతి ఒక్కటే: అతని కన్నీళ్లకు ఉన్న విలువ తన మాటకు లేదు. క్షమాపణ ఇస్తే ఆమె ఇస్తుంది, ఎప్పుడో, పెద్దయ్యాక, లేదా ఇవ్వదు. అది కేసును ఆపే కాగితం కాదు. అమెరికాలో బాలికల మీద లైంగిక దాడులు చేసిన జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్ కేసులో 2018 జనవరిలో కోర్టులో చివరగా మాట్లాడిన బాధితురాలు రేచెల్ డెన్‌హాలండర్ క్రైస్తవురాలు. అతన్ని క్షమిస్తున్నానని చెప్పింది, తిరగటిరాయి వచనం గుర్తు చేసింది, గరిష్ఠ శిక్ష వేయమని జడ్జిని అడిగింది. మూడూ ఒకే ప్రసంగంలో. పశ్చాత్తాపానికి సువార్తలోని పన్ను వసూలుదారు జక్కయ్య కొలత ఉండనే ఉంది: అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నేరం ఒప్పుకుని శిక్షకు తల వంచనివాడి ఏడుపు పశ్చాత్తాపం కింద లెక్క కాదు.

"ఇది క్యాథలిక్కుల సమస్య, మనది కాదు" అనే ప్రొటెస్టెంటు ధీమా కూడా చూస్తుంటాం. 2022లో అమెరికాలోని ప్రొటెస్టెంటు శాఖ సదరన్ బాప్టిస్టుల మీద వచ్చిన దర్యాప్తు నివేదిక చూడండి. ఆరోపణలు ఎదుర్కొన్నవాళ్లలో 703 మంది పేర్ల జాబితా వాళ్ల కార్యాలయంలోనే ఏళ్ల తరబడి పడి ఉంది. జాబితా రాసుకున్నారు, సంఘాలకు చెప్పలేదు.

మీ నాయకుణ్ని ఇవాళే పరిచర్యలన్నిటి నుంచి తప్పించండి. పాటల బృందం, యవనస్థుల కూటం, వీబీఎస్ (సెలవుల బైబిల్ స్కూల్), మందిరం తాళాలు, గ్రూప్ అడ్మిన్, అన్నీ. ఇది తీర్పు కాదు, జాగ్రత్త. "ఆరోగ్య కారణాలతో" అని అబద్ధం ప్రకటించకండి. "పిల్లల భద్రతకు సంబంధించిన ఫిర్యాదు పోలీసుల దగ్గర ఉంది, అందుకని తప్పించాం" అంటే చాలు, పాప పేరు గానీ ఆనవాలు గానీ రాకూడదు. వేరే ఊరి సంఘానికి సిఫారసు ఉత్తరం రాసి పంపేవాళ్లు అక్కడి పిల్లల్ని అతని చేతికి అప్పగిస్తున్నట్టే. అతను ఆరాధనకు రావాలనుకుంటే వేరే మందిరానికి, అక్కడి పెద్దలకు రాతపూర్వకంగా విషయం తెలిశాకే. మందిరం మారాల్సింది పాప కుటుంబం కాదు. దాదాపు ప్రతిచోటా మారేది మాత్రం వాళ్లే.

పాప సంగతి నెలలతో తీరదు. పక్క తడపడం, ఉన్నట్టుండి బిగుసుకుపోవడం, పిలిచినా పలక్కపోవడం, చేతులు కోసుకోవడం రావచ్చు. ఇవి చూసి "దురాత్మ" అని విడుదల ప్రార్థన పెట్టి, నలుగురు మగవాళ్లు చుట్టూ నిలబడి తల మీద చేతులు నొక్కిపెడితే, ఆమెకు జరిగినదాన్ని మళ్లీ జరిపించినట్టే. పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ఇలాంటి గాయాలకు పరీక్షకు నిలిచిన టాక్ థెరపీ ఉంది, సాధారణంగా 12 నుంచి 16 సిట్టింగులు, తల్లిదండ్రులతో కలిపి. ఫీజు, దారి ఖర్చు సంఘం భరించాలి, కానీ రిపోర్టులు అడగకూడదు. ముట్టుకునే ముందు అడగండి. కళ్లు మూసుకుని ప్రార్థించమని బలవంతం చేయకండి. "తండ్రీ" అన్న పిలుపే గొంతులో అడ్డుపడుతుంటే కీర్తనలతో ప్రార్థించనివ్వండి. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దానికి ఎవరూ సంతోషకరమైన వచనం అతికించలేదు. పదేళ్ల తర్వాత కూడా ఆమెను వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి, తనంతట తాను అడిగితే తప్ప.

కోర్టు రోజుల కోసం బాలల సంక్షేమ కమిటీని సహాయక వ్యక్తిని ఇమ్మని అడగండి. అది పాప కుటుంబానికి ఉన్న హక్కు, అడగకపోతే చాలాసార్లు ఎవరూ చెప్పరు. విచారణ వీలైనంత వరకు ఏడాదిలో ముగించాలని చట్టం అంటుంది, ఆచరణలో వాయిదాలు సాగుతాయి, కాబట్టి తోడు వెళ్లేవాళ్లను ముందే ఇద్దరిని నిర్ణయించుకోండి. వాయిదాకో కొత్త మనిషి వద్దు. పాపను నిందితుడి ఎదుట పడనీయకూడదని చట్టంలో ఉంది గానీ, వరండాలో ఎదురుపడకుండా చూసుకోవాల్సింది తోడున్నవాళ్లే, అందుకని ఏ గేటు నుంచి వెళ్లాలో ముందు రోజే కనుక్కోండి. మధ్యంతర పరిహారం కోసం ప్రత్యేక కోర్టులో ఇప్పుడే దరఖాస్తు చేయవచ్చు, తీర్పు వచ్చేదాకా ఆగక్కర్లేదు. కోర్టు ఆవరణలో ప్రార్థన బృందాన్ని మాత్రం దించకండి. ఇంట్లో చేసుకోండి, ఆ రోజు పాప స్కూల్ నోట్స్ ఎవరు తెచ్చిపెడతారో కూడా చూసుకోండి.