గోడ రంగు కోసం కరెంటు పని వాయిదా వేయకండి

ప్రశ్న: తిరుపతి కొర్లగుంటలో పాత ఇల్లు కొన్నాం. గృహప్రవేశమై రెండు నెలలు. గీజర్ వేసి కుళాయి ముట్టుకుంటే చేయి జివ్వుమంటోంది. ఫ్రిజ్ బోర్డు వేడెక్కుతోంది. వైరింగ్ మార్పిద్దామంటే మా ఆయన "ఉన్నదంతా ఇంటికే పెట్టాం, మొన్ననే రంగులేశాం, గోడలు పగలగొట్టమంటావా" అంటారు. అత్తగారు "పాతవాళ్లు ముప్ఫై ఏళ్లున్నారు, ఏమైంది" అంటారు. రోజూ గొడవే.

జవాబు: ఈ పూటే మెయిన్ ఆపి గీజర్ ప్లగ్ లాగేయండి. స్విచ్ ఆపితే చాలనుకోకండి. పాత ఇళ్లలో స్విచ్‌ను కరెంటు వచ్చే ఫేజ్ తీగ మీద కాక, తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ మీద పెట్టేసినవి ఉంటాయి. ఆపినా ఫేజ్ లోపలే ఉంటుంది. పని అయ్యేదాకా నీళ్లు గ్యాస్ మీదే కాచుకోండి.

ఆ జివ్వుమనడం అంటే కరెంటు నీళ్లలోకి కారుతోంది, ఎర్తింగ్ లేకనో తెగిపోయో మీ ఒంట్లోంచి నేలకు దారి వెతుక్కుంటోంది. ఒంట్లోంచి 30 మిల్లీ యాంపియర్లు దాటితే ప్రాణం మీదికి రావచ్చు. 10 యాంపియర్ల ఫ్యూజుకు అది తెలియనే తెలియదు. పైగా పాత పింగాణీ ఫ్యూజుల్లో సన్నతీగ బదులు నాలుగు రాగి పోగులు మెలిపెట్టి ఉంటే, వైరు కాలినా ఫ్యూజు పోదు.

అత్తగారి మాటలో అబద్ధం లేదమ్మా. పాతవాళ్లు ట్యూబ్‌లైట్లు, ఫ్యాన్లు, టీవీతో గడిపి ఉంటారు. 2 కిలోవాట్ల గీజర్ ఒక్కటే దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది. "వాళ్ల వాడకానికి అది సరిపోయింది, మన వాడకానికి చాలదు" అని చెప్పండి. అలా అంటే ఎవరి తప్పూ ఎత్తినట్టు ఉండదు.

మీ ఆయన పట్టుదలలో సగం డబ్బు దిగులు, సగం "చూసుకోకుండా కొన్నావు" అంటారేమోనన్న జంకు ఉన్నట్టుంది. అందుకే "ఇల్లంతా మార్చాలి" అనకండి, "ఒకసారి పరీక్ష చేయిద్దాం" అనండి. మెగ్గర్ (వైరు తొడుగులోంచి కరెంటు కారుతోందేమో కొలిచే మీటరు) ఉన్న లైసెన్సు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మీ ఆయన్ని పక్కనే నిలబెట్టండి. బల్బులు, ప్లగ్గులు అన్నీ తీసి 500 వోల్టుల మీద చూస్తారు. ఏ లైనులో 1 మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే ఆ లైను మార్చాల్సిందే. మీరు నెల రోజులు వాదించినా ఒప్పుకోనిది ఆ అంకె చూసి ఒప్పుకుంటారు.

గోడలు పగలగొట్టక్కర్లేదు. గోడ మీదే పి.వి.సి. కేసింగ్ వేసి కొత్త వైరు లాగొచ్చు, రంగు చెడదు. డబ్బు చాలకపోతే విడతలుగా చేయించండి. మొదటి విడతలో ఎర్తింగ్, మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్), లైనుకో ఎం.సి.బి. (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్). తర్వాత బాత్రూం, వంటిల్లు: గీజర్‌కు విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఫ్రిజ్, మిక్సీ ప్లగ్గులకు 2.5, అన్నిటికీ ఎర్త్ వైరుతో సహా. పడగ్గదుల లైట్లు, ఫ్యాన్ల లైన్లు మెగ్గర్‌లో నెగ్గితే చివర్లో చేయించుకోవచ్చు. పాతది అల్యూమినియం వైరైతే దానికి రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టనివ్వకండి, ఆ అతుకే వదులై కాలుతుంది.

ఒకటి ముందే ఇంట్లో చెప్పి ఉంచండి. ఆర్.సి.సి.బి. పెట్టిన కొత్తలో అది మాటిమాటికీ పడిపోయి కరెంటు పోవచ్చు. రెండు లైన్ల న్యూట్రళ్లు కలిసిపోయినా, ఎక్కడో లీకేజీ ఉన్నా అలా పడుతుంది. అప్పుడు "ఇదేదో పాడు సరుకు" అని దాన్ని తీయించేస్తారు. ఆ మాట ఎవరన్నా ఒప్పుకోకండి. ఏ లైను వేస్తే పడుతోందో ఒక్కొక్కటే వేసి పట్టుకోమనండి. నెలకోసారి దాని మీదున్న టెస్ట్ బటన్ నొక్కే పని మాత్రం అత్తగారికే అప్పగించండి.